ఎలుక రక్తంలో లింఫోసైట్లు తగ్గితే అవి చచ్చిపోయినట్టు కాదు

రెండు గంటలు ట్యూబులో బంధిస్తే ఎలుక రక్తంలో లింఫోసైట్లు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) బాగా పడిపోతాయి కదా, అంటే కాసేపటి టెన్షన్ కూడా ఇమ్యూనిటీని దెబ్బతీస్తుందనేగా అని అడిగారు. కాదండీ. ఆ కణాలు చావలేదు, చోటు మారాయి. పొద్దున్నే కొత్తపట్నం ఒడ్డున పడవలు కనిపించకపోతే మునిగిపోయాయనుకోం కదా, వేటకెళ్లాయనుకుంటాం.

నేనూ ఇక్కడే పొరబడ్డాను. ఒంగోలులో ఎం.ఫార్మసీ చేస్తూ, విస్టార్ అనే ల్యాబ్ జాతి ఎలుకల్ని యానిమల్ హౌస్ నుంచి ల్యాబ్‌కి మోసుకొచ్చి, వచ్చీ రాగానే ట్యూబులోకి ఎక్కించి తోక నుంచి రక్తం తీసేదాన్ని. చెయ్యి తిరగని రోజులు, ఒక్కోదానికి పావుగంట పట్టేది. చివర్లో పట్టుకున్న వాటి ముక్కు చుట్టూ ఎర్రటి మరక. రక్తమేమోనని హడలిపోయాను. ఒత్తిడిలో కంటి వెనక గ్రంథి నుంచి కారే పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థమట అది. రక్తకణాలకి రంగు పట్టించే లీష్‌మన్ స్టెయిన్ వేసి వంద తెల్లకణాలు లెక్కపెడితే, 70కి పైనే ఉండాల్సిన లింఫోసైట్లు 50 దగ్గర ఆగాయి, న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు పెరిగాయి. మందు వెయ్యని కంట్రోల్ గ్రూపులోనూ అంతే! నెల రోజుల పని పోయిందని ఏడుపొచ్చింది.

అప్పుడే ఒత్తిడి మీద పరిశోధించిన ఫిర్దౌస్ ధాభర్, బ్రూస్ మెక్‌యూవెన్ 1990ల్లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో చేసిన పని చదివాను. ఎలుకను వదిలేశాక సుమారు 3 గంటల్లో లెక్క మళ్లీ మామూలుకొచ్చేస్తుంది. చచ్చిన కణాలైతే అంత త్వరగా ఎలా తిరిగొస్తాయి? అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోను వాటిని రక్తం నుంచి చర్మానికి, లింఫ్ గ్రంథులకి, ఎముక మజ్జకి పంపుతుంది. గాయం తగిలేది చర్మానికే కదా. అంతకుముందే ఒక రసాయనం పూసి, దానికి ఇమ్యూనిటీ స్పందించేలా చేసిన ఎలుకను కాసేపు బంధించి, అదే రసాయనం చెవికి పూస్తే, బంధించని వాటికంటే వాపు ఎక్కువొచ్చింది. అంటే స్పందన బలపడింది. అదే ఒత్తిడి వారాల తరబడి సాగితే మాత్రం చర్మంలో ఆ స్పందన తగ్గిపోతుంది. మీరు భయపడాల్సింది దానికి.

మీదీ ప్రాజెక్టే అయితే నేను రెండోసారి చేసినట్టు చెయ్యండి. వారం రోజులు రోజూ చేత్తో పట్టుకుని ఎలుకల్ని మచ్చిక చేసుకున్నాను. రక్తం రోజూ ఒకే వేళకి, పంజరం ముట్టుకున్న 3 నిమిషాల్లోపే తీశాను, ఎందుకంటే ఆ తర్వాత ఒత్తిడి హార్మోను పెరగడం మొదలవుతుంది. కంట్రోల్ గ్రూపు మొదటి స్లైడులో 74 లింఫోసైట్లు కనిపించాయి.