రౌటర్ మార్చకు తల్లీ, ముందు ఫాల్టు ఎటువైపుందో పట్టుకో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పినదంతా విన్నాను. ఆఫీసు మీటింగు మధ్యలో నీ బొమ్మ బిగుసుకుపోవడం, రెండు నిమిషాలకు మళ్లీ కదలడం, ఈలోగా వాళ్లు నిన్ను వదిలేసి ముందుకు వెళ్లిపోవడం. కోపం రావడం సహజమే. ఆ కోపంలో రెండున్నర వేలు పోసి కొత్త రౌటర్ కొన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. మార్చాక కూడా అదే తంతు అంటున్నావంటే పాతది పాపం ఏ తప్పూ చేయలేదన్నమాట. దాన్ని ఎవరికీ ఇచ్చేయకు.

నేను టెలిఫోన్ శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశానని నీకు తెలుసు. ఫిర్యాదుల నంబరు 198కి ఫోను వచ్చిందంటే మేము వెళ్లగానే ఫోను మార్చేవాళ్లం కాదు. దారిలో ఇళ్లకు లైన్లు చీలే డీపీ పెట్టె దగ్గర లైను విడదీసి, అక్కడికి టోను వస్తోందో లేదో వినేవాళ్లం. వస్తే ఫాల్టు ఇంటివైపు, రాకపోతే ఎక్స్ఛేంజి వైపు. సగం పని అక్కడే తేలిపోయేది. నీ ఇంట్లోనూ రెండు మజిలీలున్నాయి. కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా గాలిలో ఒకటి, రౌటర్ నుంచి కంపెనీ దాకా ఫైబరులో ఇంకొకటి. నువ్వేమో రెండింటినీ కలిపి "వైఫై పోతోంది" అంటున్నావు.

ఇక్కడ డీపీ పెట్టె నీ రౌటరే. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే, ఆదేశాలు టైపు చేసే కిటికీ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టు. డిఫాల్ట్ గేట్‌వే అన్న చోట 192.168.1.1 లాంటి సంఖ్య కనిపిస్తుంది. అది రౌటర్ చిరునామా. ఇప్పుడు పింగ్ (ping) అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఆ సంఖ్య వేసి, మళ్లీ ఖాళీ వదిలి అడ్డగీత, దానికి ఆనుకుని చిన్న టీ అక్షరం పెట్టు. నువ్వు ఆపేదాకా కంప్యూటర్ సెకనుకోసారి రౌటర్‌ను పలకరిస్తూనే ఉంటుంది. పక్కనే ఇంకో కిటికీ తెరిచి 8.8.8.8కు కూడా ఇలాగే చెయ్యి. అది గూగుల్ వాళ్ల చిరునామా, మనకు ఊరి బయటి మైలురాయి అనుకో. రెండూ నడుస్తుండగా నీ పని నువ్వు చేసుకో, కనెక్షన్ తెగినప్పుడు మాత్రం అటు చూడు.

రౌటర్ జవాబిస్తూనే ఉండి బయటిది ఆగిపోతే నీ వైఫై నిక్షేపంగా ఉన్నట్టు. అప్పుడు కంపెనీ వాళ్లనే పట్టుకోవాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు పోయిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకుని మాట్లాడు. "అప్పుడప్పుడు పోతోందండీ" అంటే ఎవరూ కదలరు, ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని గనక చెబుతున్నాను. ఫైబరు పెట్టె మీద ఎల్ఓఎస్ దగ్గర ఎర్రదీపం వెలిగితే తీగలో వెలుతురు రావడం లేదని అర్థం. తలుపు సందులో నలిగిందేమో, మరీ వంచి చుట్టారేమో చూడు. ఫైబరు లోపల ఉన్నది గాజు, రాగి తీగలాగా మడిస్తే ఊరుకోదు.

రౌటర్ కూడా పలకకపోయినా, రెండు మూడు మిల్లీసెకన్లలో రావలసిన జవాబు మూడు నాలుగు వందలకు ఎగబాకుతున్నా తప్పు గాలి మజిలీలో ఉంది. నా అనుమానం ఇదే. కంపెనీ అబ్బాయి వచ్చి రౌటర్ పక్కన నిలబడి తన ఫోన్లో స్పీడు చూపించి వెళ్లాడన్నావు. అక్కడ నిలబడితే ఎవరికైనా వస్తుంది. నువ్వు కూర్చునేది పడగ్గదిలో కదా! పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను, హాల్లో రౌటర్ పెట్టిన గోడకు సరిగ్గా అవతలివైపే మీ అమ్మ ఇచ్చిన ఇనప బీరువా ఉంది. సిగ్నల్ ఇటుక గోడను ఎలాగో దాటుతుంది, ఇనప రేకును దాటలేదు. చుట్టూ తిరిగి ఏ తలుపు సందులోంచో వచ్చిందే నీకు అందుతోంది. బీరువాను కదిపే మాట ఎత్తకు. నైరుతి మూల నుంచి జరిపారని తెలిస్తే మీ అమ్మ నాతో మాట్లాడడం మానేస్తుంది. రౌటర్‌నే జరుపు. ఫైబరు పెట్టె నుంచి రౌటర్ దాకా అందే పొడవాటి ల్యాన్ కేబుల్ ఒకటి కొని, పడగ్గది గుమ్మానికి ఎదురుగా గోడమీద ఎత్తులో పెట్టించు. చెప్పుల స్టాండులో, టీవీ వెనక వద్దు.

రౌటర్ రెండు బ్యాండ్లు, అంటే రెండు రేడియో దారులు ఇస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, కానీ ఇరుగుపొరుగు ఫ్లాట్ల వాళ్లంతా అందులోనే ఉంటారు. వినాయక చవితికి పక్కపక్క పందిళ్లలో మైకులు పెట్టినట్టు ఒకరి పాట ఒకరిని విననివ్వదు. అందులో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 మాత్రమే. రౌటర్ సెట్టింగుల్లో ఆ మూడింటిలో ఖాళీగా ఉన్నదాన్ని నువ్వే ఎంచుకో, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, రద్దీ తక్కువ, గోడలకు మాత్రం తొందరగా నీరసపడుతుంది. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టుకుంటే ఏది నీ బల్ల దగ్గర నిలుస్తుందో తెలుస్తుంది. ఒకే పేరు ఉంటే కంప్యూటర్ అటూ ఇటూ గెంతుతుంటుంది, ఆ గెంతులో కూడా మీటింగు తెగవచ్చు.

ఇంత చెబుతున్న నేను కూడా ఒకసారి మూడు వారాలు తలపట్టుకున్నాను. మా ఇంట్లో పెద్ద కంప్యూటర్‌కు వెనకాల యూఎస్‌బీ పోర్టులో చిన్న వైఫై డాంగిల్, అంటే వైఫై అందుకునే చిన్న ముక్క, పెట్టాను. రోజంతా బాగానే ఉండేది. నేను పాత ఫొటోలు హార్డ్ డిస్కులోకి ఎక్కించడానికి కూర్చుంటే చాలు, కనెక్షన్ పోయేది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, మార్చాను, చానల్ మార్చాను, చివరికి మీ అత్తయ్య వంటింటి ఓవెన్‌ను కూడా అనుమానించి మాటలు పడ్డాను. తీరా చూస్తే డాంగిల్ పక్కనే ఉన్న నీలంరంగు యూఎస్‌బీ 3 పోర్టులో ఆ డిస్కు ఉంది. ఆ పోర్టులో డేటా పరుగెడుతుంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుడుతుంది. 2012లోనే ఇంటెల్ సంస్థ దీని మీద ఒక పత్రం వెలువరించిందట, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నలభై అంగుళాల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను బల్లమీదికి తెచ్చాను. అంతే, మళ్లీ పోలేదు. నీ బల్లమీద కూడా హార్డ్ డిస్కో, హబ్బో ఉంటే తీసి ఒక పూట చూడు.

కంప్యూటర్ వైపు ఒక్క సెట్టింగు చూస్తే చాలు. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ మీద రెండుసార్లు నొక్కితే పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అన్న టిక్కు తీసెయ్యి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ పేజీ కనిపించదు, వెతుక్కుంటూ కూర్చోకు. డ్రైవర్ కావాలంటే ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటులోంచే తీసుకో.

ఒకసారికి ఒక్కటే మార్చు. రౌటర్ జరిపి, చానల్ మార్చి, టిక్కు తీసి అన్నీ ఒకే సాయంత్రం చేశావంటే, బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలియదు. ఒక్కో మార్పుకు రెండు రోజులు గడువివ్వు.

అన్నట్టు, ఈ ఆగడం కరెంటు పోయినప్పుడేనా అని అడగడం మరిచాను. ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే కొన్ని రౌటర్లు ఆరి మళ్లీ వెలుగుతాయి, లైను కలవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అదే అయితే పై కథంతా అక్కర్లేదు, రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొంటే సరిపోతుంది. దాని వోల్టేజి రౌటర్ అడాప్టర్ మీద రాసినదానితో సరిపోవాలి సుమా.

ఆదివారం లోపల ఆ రెండు కిటికీలూ ఏం చెప్పాయో నాకు ఫోటో తీసి పంపు. దసరాకు వచ్చేటప్పుడు పాత రౌటర్ తీసుకురా, మా మేడమీది గదికి కావాలి.

ఇట్లు
మామయ్య