ఆవిడ ఎందుకు వద్దన్నారో అడిగారా?

ఉత్తరం సారాంశం: నా వయసు 64. ఉద్యోగ విరమణ చేసి నాలుగేళ్లయింది. మా ఇంట్లో చిన్ని అనే నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది. చాలా శాంతమైనది. దానిని థెరపీ డాగ్‌గా, అంటే రోగులకు, వృద్ధులకు ఊరటనిచ్చే కుక్కగా తయారుచేసి ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు తీసుకువెళ్లాలని నా ఆశయం. రెండేళ్ల క్రితం నా భార్యకు పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది, మాట సరిగా రాదు. మంచం, చక్రాల కుర్చీ తప్ప మరో లోకం లేదు. ఆమె పనులు ఆయా, కోడలు చూసుకుంటారు. చిన్ని పగలంతా ఆమె దగ్గరే పడుకుంటుంది. నా ఆలోచన చెబితే ‘వద్దు’ అని మొండికేసింది. ఇంత మంచి పనికి ఇంట్లోనే అడ్డు వస్తే ఏం చేయాలి? శిక్షణకు ఎంతకాలం పడుతుంది?

జవాబు:

ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. ఏడాది నిండి, మనుషులంటే ఇష్టపడే కుక్కకు చెప్పిన మాట వినే అలవాటు ఇప్పటికే ఉంటే మరికొన్ని నెలల సాధన చాలు. అది పట్టీ లాగకుండా పక్కనే నడవాలి, నేల మీద పడిన మాత్రను ‘వదిలేయ్’ అనగానే వదలాలి, పళ్లెం జారిపడిన చప్పుడుకు ఉలిక్కిపడినా వెంటనే తేరుకోవాలి, వణికే చేయి మొరటుగా నిమిరినా ఓర్చుకోవాలి. రేబిస్ టీకా, పశువైద్యుడి పరీక్ష, వెళ్లే ముందు స్నానం, గోళ్లు కత్తిరించడం తప్పనిసరి. పచ్చి మాంసం తినే కుక్కల నుంచి రోగులకు సూక్ష్మక్రిములు సోకవచ్చు కనుక వాటిని థెరపీ డాగ్‌లను పంపే చాలా సంస్థలు అంగీకరించవు. చక్రాల కుర్చీకి, మందుల వాసనకు మాత్రం చిన్నిని కొత్తగా అలవాటు చేయనక్కరలేదు. ఆ పాఠం అది రెండేళ్లుగా మీ భార్య గదిలోనే నేర్చుకుంటోంది.

అయితే ఈ పనిలో పరీక్ష కుక్క ఒక్కదానికే ఉండదు. అమెరికాలోని పెట్ పార్ట్‌నర్స్ వంటి సంస్థలు కుక్కను, దాని వెంట వచ్చే మనిషిని కలిపి ఒక జంటగా పరీక్షిస్తాయి. ఆ మనిషి రోగి అనుమతి అడిగిన తరువాతే దగ్గరకు వెళ్లాలి, తన మాటలతో గది నింపకుండా రోగి చేయి కదిలే వరకు, మాట పెగిలే వరకు ఓపికగా కూర్చోవాలి, రోగి వద్దంటే నొచ్చుకోకుండా లేచి రావాలి. కుక్క నుంచి కూడా చూపు మరల్చకూడదు. నిద్ర రాకపోయినా అది ఆవలించినా, మాటిమాటికీ మూతి నాక్కున్నా, ముఖం పక్కకు తిప్పుకున్నా, కనుగుడ్ల అంచున తెల్లదనం కనిపించినా, తోక ముడుచుకున్నా దానికి ఇబ్బందిగా ఉందని గ్రహించి అక్కడితో ఆపేయాలి. రోజుకు రెండు గంటలు మించి ఈ పని చేయించకూడదన్న నియమాన్ని పెట్ పార్ట్‌నర్స్ పెట్టింది కూడా కుక్క అలసటను దృష్టిలో ఉంచుకొనే. మాట రాని ప్రాణి మనసును దాని కదలికల్లో చదవగలగడమే మీ వంతు పరీక్ష.

ఆ పరీక్షలో మీరు ఇంకా ఉత్తీర్ణులు కాలేదని నాకు అనిపిస్తోంది, ఈ మాట బాధతోనే రాస్తున్నాను. చిన్ని స్వభావాన్ని మీరు ఎంతో ప్రేమగా వర్ణించారు. భార్య గురించి రాసిన నాలుగు వాక్యాల్లో ఒకటి ఆయాకు, కోడలికి అప్పగించిన పనుల గురించి, మరొకటి ఆవిడ మొండితనం గురించి. ఆవిడకు మిగిలిన కొద్ది మాటల్లో ఒకటి కూడదీసుకుని ‘వద్దు’ అన్నారు. ఎందుకు వద్దో మీరు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. పక్షవాతం వల్ల మాట పోయిన చాలామందికి ఎదుటివారు చెప్పేది బాగానే అర్థమవుతుంది, బదులు చెప్పడానికి మాట మాత్రం అందదు. పగలంతా తన పక్కన ఉండే ఒక్క ప్రాణిని కూడా మీరు ముక్కూముఖం తెలియని వారి దగ్గరకు తీసుకువెళతానంటే, ఆవిడ అంతకంటే ఏమని చెప్పగలరు? దానిని స్వార్థమని, అడ్డు తగలడమని అనుకోవడం అన్యాయం. కోడలు ఎంత చేసినా, ఆయా ఎంత మంచిదైనా, భర్త వచ్చి కూర్చోవలసిన చోటు ఖాళీగానే ఉంటుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఆ మాటను నేను గట్టిగా నమ్ముతాను.

బోరిస్ లెవిన్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1962లో ప్రచురించిన అనుభవం మీకు పనికొస్తుంది. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడిని అతని తల్లిదండ్రులు, ఆయన ఇచ్చిన సమయానికంటే ముందే ఆయన దగ్గరకు తీసుకువచ్చారు. అప్పుడు గదిలో ఆయన కుక్క జింగిల్స్ ఉంది. పిల్లవాడు దానితో ఆడుకోవడం మొదలుపెట్టాడు, ఆ తరువాతి రాకపోకల్లోనూ దానితోనే గడిపాడు. లెవిన్సన్ తొందరపడి తన ప్రశ్నలతో మధ్యలోకి దూరలేదు, ఆ ఆటలోకి మెల్లమెల్లగా తానూ చేరారు. చికిత్స అక్కడినుంచే సాగింది. చిన్ని మీ భార్య దగ్గర రెండేళ్లుగా ఆ మొదటి సగం పని చేస్తూనే ఉంది, లెవిన్సన్‌లా మెల్లగా వచ్చి చేరవలసిన ఆ రెండో మనిషి, అంటే మీరు, మాత్రం ఆ గదిలోకి ఇంకా రాలేదు.

అందువల్ల శిక్షణ అక్కడే మొదలుపెట్టండి. రోజూ సాయంత్రం ఒక గంట ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, ఫోన్ బయట పెట్టండి. చిన్నిని నిమరడానికి ఆవిడ ఎడమచేయి చాపితే దువ్వెన అందించండి. ఆవిడ ఒక మాట కోసం వెదుకుతుంటే మీరు అందించి పూర్తిచేయకండి, ఎంతసేపయినా ఆగండి. ‘కూర్చో’, ‘రా’, ‘వదిలేయ్’ అనే ఆజ్ఞలను ఆవిడ చేతే, వచ్చినంత మాటతోనో చేతి సైగతోనో ఇప్పించండి, ఎందుకంటే కుక్కలు మాటకంటే సైగను తొందరగా పట్టుకుంటాయి. కొన్ని నెలలు ఇలా గడిచాక ఆసుపత్రి సంగతి మళ్లీ అడగండి. అప్పుడు కూడా ఆవిడ వద్దంటే ఆ ఆలోచన మానుకోండి. సరేనంటే వారానికి ఒక్కసారి వెళ్లండి, మీరూ చిన్నీ లేని ఆ గంటసేపు తన దగ్గర ఎవరు ఉండాలో ఆవిడనే అడిగి, ఆ మనిషి వచ్చి కూర్చున్న తరువాతే గుమ్మం దాటండి.