సివిల్ రూల్స్ ముసాయిదాపై సలహా పంపితే ఎవరైనా చూస్తారా?

అమలాపురంలో ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్ అడిగిన ప్రశ్న ఇది. చూస్తారు, చూడాలి కూడా. సివిల్ కోర్టుల్లో కేసు నడిచే పద్ధతి చెప్పే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 122వ సెక్షన్ హైకోర్టుకు రూల్స్ మార్చే అధికారం ఇచ్చింది, కానీ ముందుగా ముసాయిదా ప్రచురించాలనే షరతు పెట్టింది. ఈ మార్పులను పరిశీలించడానికి 123వ సెక్షన్ కింద వేసే రూల్ కమిటీలో జడ్జీలతో పాటు ఇద్దరు న్యాయవాదులు కూడా ఉంటారు. ఆ తర్వాత ప్రభుత్వ ఆమోదం, గెజిట్‌లో ప్రచురణ.

అయితే ఏం రాస్తున్నామన్నదే అసలు సంగతి. "ఈ రూల్ వద్దు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఉదాహరణకు, అడ్వకేట్ కమిషనర్ (స్థలం చూసి రమ్మని కోర్టు పంపే న్యాయవాది) ఇచ్చే రిపోర్టుకు గట్టి గడువు పెట్టాలని ప్రతిపాదన వచ్చిందనుకుందాం. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ మన డెల్టాలో గట్టు తగాదా, బోదె (చేలకు నీళ్లు పారే చిన్న కాలువ) తగాదా అంటే చేలో కొలత గొలుసు లాగాలి. నాట్లు పడి మోకాలి లోతు నీళ్లుంటే సర్వేయర్ ఎక్కడ నిలబడతాడు? దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి కాలువలకు నీళ్లు ఆపేశాకే కొలతలు సాగుతాయి. అందుకని "సాగు కాలాన్ని బట్టి గడువు పెంచే అధికారం కోర్టుకు ఉండాలి" అని రూల్ నంబరుతో, మార్చాల్సిన వాక్యంతో సహా రాయండి.

గడువు తేదీ లోపే పంపండి. బార్ అసోసియేషన్ తీర్మానంగా వెళ్తే బరువు ఎక్కువ. సీనియర్లు తీరిక లేదంటారు, మీరే డ్రాఫ్ట్ రాసి సంతకానికి తీసుకెళ్లండి.