దగ్గర్లోని చిన్న జంతు రెస్క్యూ (వీధి జంతువుల్ని కాపాడే) సంస్థ వాళ్లు పిల్లి కూనల్ని ఇస్తామంటున్నారు, ఏం చూసుకోవాలి?

ముందు వయసు అడగండి. తల్లి దగ్గరున్న కూనలైతే 8 వారాలు నిండేదాకా ఆగండి. ఎంత గట్టిగా కొరికితే నొప్పెడుతుందో అవి తోబుట్టువులతో ఆడుతూ నేర్చుకునేది అప్పుడే. నులిపురుగుల మందు వేశారా, టీకా కార్డు ఉందా చూడండి. కుదిరితే జంటగా తెచ్చుకోండి. ఒంటరి కూనకు అర్ధరాత్రి మీ కాలివేళ్లే ఆటబొమ్మలు!

బాల్కనీకి వల కట్టించారా, ఇంటి ఓనరు ఒప్పుకున్నాడా అని వాళ్లు గుచ్చి గుచ్చి అడగొచ్చు. విసుక్కోకండి, అలా అడిగేవాళ్లే నయం.

ఇంటికొచ్చాక పాలగిన్నె మాత్రం పెట్టకండి. ఆవు పాలైనా గేదె పాలైనా చాలా కూనలకు పడవు, విరేచనాలవుతాయి. మొదటి రెండ్రోజులు మంచం కిందే నక్కినా టెన్షన్ వద్దు. రోజంతా ఏమీ తినకపోతే మాత్రం పశువైద్యుడికి చూపించండి.