సైపై సదస్సులో ట్యుటోరియల్‌కి కొత్త అంశమే కావాలా?

అక్కర్లేదు, వచ్చినవాళ్లు ఇచ్చిన సమయంలో తమ ల్యాప్‌టాప్ మీద చేసి చూసి నేర్చుకోగలిగేది అయితే పాత అంశమైనా బాగా నప్పుతుంది.

సైపై అంటే శాస్త్రీయ గణనలకు పైథాన్ వాడేవాళ్లు ఏటా అమెరికాలో కలిసే సదస్సు. ప్రసంగాలు మొదలయ్యే ముందే ట్యుటోరియల్స్ పెడతారు, ఒక్కోటి సుమారు నాలుగు గంటలు. ప్రసంగం విని వెళ్లిపోవచ్చు. ఇక్కడ మాత్రం కోడ్ రాయాలి, తప్పు చేయాలి, దిద్దుకోవాలి. కాబట్టి అంశం ఎంచుకునేటప్పుడు ఇది ఎవరికి, వాళ్లకు ముందే ఏం తెలిసుండాలి, చేతికి ఏ అభ్యాసాలు ఇస్తాం అన్నవి తేలాలి.

పైథాన్‌లో సంఖ్యల లెక్కలకు వాడే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) నంపైనే తీసుకోండి. దాని 1.0 వెర్షన్ 2006 నాటిది. 0 నుంచి 4 వరకు అంకెలున్న ఒక అరే (అంకెల వరస) లోంచి మధ్య ముక్క తీసి, ఆ ముక్కలో ఒక అంకెను 100 చేయండి. అసలు అరేలోనూ 100 కనిపిస్తుంది! ఆ ముక్క కాపీ కాదు, అదే మెమరీని చూపించే వ్యూ. మామూలు పైథాన్ లిస్టులో ఇలా జరగదు కనుక చాలామంది ఇక్కడ బోల్తా పడతారు. దీని చుట్టూ అరగంట అభ్యాసం హాయిగా నడుస్తుంది.

తాము రాసిన లైబ్రరీలో ఫీచర్లన్నీ వరసగా చూపిస్తే అదే ట్యుటోరియల్ అనుకోవడం మామూలు పొరపాటు. అది డెమో. అందులోనూ ఇన్‌స్టాల్ చేయడానికే గంట పట్టే లైబ్రరీ అయితే సగం గది అక్కడే ఆగిపోతుంది.