ముందు క్యాసెట్లు, తర్వాతే మెషీను

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఫొటో నిన్నటి నుంచి ఎన్నిసార్లు చూశానో. మహారాణిపేట ఇంటి అటక మీద నీకు దొరికిన ఆ నలుపూ ఎరుపూ పెట్టె ఆరిక్ ఆట్మాస్ అనే పాతకాలపు ఇంటి కంప్యూటర్. 1985లో మీ నాన్న ఓడ దిగి, సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చింది అదే. దసరాకి వచ్చినప్పుడు ఆన్ చేసి చూస్తానన్నావు. ఆన్ చెయ్యకు. దాని పక్కన బిస్కెట్ డబ్బాలో క్యాసెట్లున్నాయి కదా, పని వాటితో మొదలుపెట్టు.

మెషీను పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. దీనికి ముందు మోడల్ ఆరిక్-1 ఇంగ్లండులో 1983లో వచ్చింది, ఆట్మాస్ ఆ మరుసటి ఏడాది. 1985లో కంపెనీ దివాలా తీసింది. అయినా ఫ్రాన్సులో బాగా అమ్ముడైన మెషీను కాబట్టి అక్కడ పాతవి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంటాయి. అప్పట్లో ప్రోగ్రాములని మామూలు క్యాసెట్ల మీద శబ్దంగా రికార్డు చేసి దాచేవాళ్లం. మీ నాన్న రాసినవి మాత్రం ఆ డబ్బాలో తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా లేవు.

ఆ రోజుల్లో ఇక్కడ ఇళ్లలో కంప్యూటర్ ఎక్కడిది? 1984లో క్లాస్ అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద దేశంలో కొన్ని స్కూళ్లకి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చారు, వాటి పేరైనా కొందరికి తెలుసు. ఆరిక్ అంటే తెలిసినవాళ్లు మాకు ఒక్కరూ తగల్లేదు. సందేహం వస్తే అడగడానికి మనిషి లేడు, ఉన్నదల్లా దానితో వచ్చిన మాన్యువల్. ఆ పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చదివాం. పైగా దాని సిగ్నల్ యు.హెచ్.ఎఫ్. 36వ ఛానెల్ మీద వచ్చేది, మా బ్లాక్ అండ్ వైట్ టీవీకి ఆ బ్యాండే లేదు. ఎదురింటివాళ్లు కలర్ టీవీ కొన్నాక, ఆదివారం సినిమా అయ్యేదాకా కాచుకుని, పెట్టెని తువ్వాల్లో చుట్టుకుని వాళ్లింటికి వెళ్లేవాళ్లం. తెర మీద '37631 బైట్స్ ఫ్రీ' అని పడగానే బావ మొహం చూడాలి. కీ నొక్కినప్పుడల్లా టిక్ టిక్‌మనేది. జాప్, పింగ్, షూట్, ఎక్స్‌ప్లోడ్ అని నాలుగు కమాండ్లుండేవి, ఒక్క మాట టైపు చేస్తే చాలు ఆ చప్పుడు వచ్చేది. ఎక్స్‌ప్లోడ్ మొదటిసారి విన్నప్పుడు మీ అమ్మ మన వంటింట్లోంచి గరిటెతో ఎదురింటికి పరుగెత్తుకొచ్చింది.

సరే, క్యాసెట్ల సంగతి. ముందు ప్రతి క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పళ్లు విరిచెయ్. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. తర్వాత వెలుగులో పట్టుకుని కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడు. గోధుమరంగు చుట్ట మీద బియ్యప్పిండి జల్లినట్టు తెల్లగా ఉంటే అది బూజు. మన ఊరి సముద్రపు గాలికి బూజు పట్టకుండా ఉన్నవి ఒకటో రెండో ఉంటే అదృష్టం. బూజు పట్టినవి వేరే పెట్టు, ఇప్పుడే ప్లేయర్‌లో వెయ్యకు. బూజు ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్డుకి అంటుకుని అక్కడి నుంచి మంచి టేపులకీ పాకుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు వారం రోజులు పెట్టి ఆరనియ్. ఎండలో మాత్రం పెట్టకు.

క్యాసెట్ కింది అంచు మధ్యలో, టేపు వెనక, చిన్న ఉన్ని ముక్క ఉంటుంది. టేపుని హెడ్డుకి అదిమి పట్టేది అదే. అది ఊడిపోయి ఉంటే శబ్దం వచ్చీ రానట్టు వస్తుంది. టేపు పోయిందనుకుని దిగులుపడకు, స్క్రూలున్న ఖాళీ క్యాసెట్ ఒకటి తెచ్చి చుట్టలు రెండూ అందులోకి మార్చు.

ఇంట్లో ఉన్న టూ-ఇన్-వన్ వాడదామనుకుంటే ముందు దాని బెల్టు చూడు. చాలావాటిలో రబ్బరు కరిగి తారులా అయిపోయి ఉంటుంది, టేపు నమిలేస్తుంది. పని చేసే ప్లేయరే తీసుకో. ఒక పాత పాటల క్యాసెట్, పోయినా పర్లేదనుకున్నది, ముందు వేసి పరీక్షించు. హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడువు, శానిటైజర్ పనికిరాదు. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. ప్రోగ్రామ్ శబ్దం వస్తుండగా దాన్ని పావు తిప్పుకి మించకుండా అటూ ఇటూ కదిపి, కీచుమనే శబ్దం ఎక్కడ బాగా పదునుగా ఉంటే అక్కడ ఆపు. మెషీన్లోకి ప్రోగ్రామ్ ఎక్కకపోవడానికి సగం కారణం ఆ స్క్రూనే. మేము దాంతో రాత్రుళ్లు కుస్తీ పట్టాం.

ప్లేయర్ నుంచి లాప్‌టాప్‌కి వైరు కలిపి, ప్రతి వైపూ మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగిన రికార్డు చెయ్. 44,100 హెర్ట్జ్, వేవ్ ఫైలు. ఎంపీ3 వద్దు. డాల్బీ, నాయిస్ రిడక్షన్ అన్నీ ఆపెయ్. నీ చెవికి గోలలా వినిపించే ఆ శబ్దమే ప్రోగ్రామ్, దాన్ని శుభ్రం చెయ్యబోతే పాడవుతుంది. ఆరిక్‌లో మామూలు వేగం సెకనుకి 2400 బిట్లు, అది తరచూ మొరాయించేది. అందుకని బావ ముఖ్యమైనవన్నీ 300 బిట్ల నెమ్మది పద్ధతిలో కూడా దాచేవాడు. ఎనిమిది కిలోబైట్ల ప్రోగ్రామ్‌కి అయిదు నిమిషాలకు పైనే పట్టేది. కాబట్టి ఒకే ప్రోగ్రామ్ రెండుసార్లు ఉంటే ఒకటి చాల్లే అని వదిలెయ్యకు. ఫైళ్లు చేతికొచ్చాక ఆరిక్‌లా నటించే ఆరిక్యూట్రాన్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లో వాటిని లాప్‌టాప్ మీదే నడిపించి చూడొచ్చు.

ఇంత జాగ్రత్త ఎందుకు చెబుతున్నానో విను. నాకో స్పెక్ట్రమ్ ఉండేది, అదీ ఆ కాలపు ఇంటి కంప్యూటరే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి అలమరాలోకి నీళ్లొచ్చాయి. కరెంటు వచ్చిన రోజున అది బతికుందో లేదోనన్న టెన్షన్‌తో, చేతికందిన రౌటర్ అడాప్టర్ గుచ్చేశాను. అదీ తొమ్మిది వోల్టులే. కానీ స్పెక్ట్రమ్ పిన్ను మధ్యలో నెగటివ్ ఉండాలి, ఆ అడాప్టర్‌కి పాజిటివ్ ఉంది. కాలిన వాసన వచ్చింది, తెర మళ్లీ వెలగలేదు. రెండు నిమిషాలు మల్టీమీటర్ పెట్టి చూసుంటే అది ఈరోజు నా బల్ల మీద ఉండేది. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

అందుకే ఆట్మాస్ వంతు వచ్చినప్పుడు పాత అడాప్టర్ అసలు వాడకు. మూత తీసి తుప్పు చూడు, కనెక్టర్లని ఆల్కహాల్‌తో తుడిచి ఒక రోజు ఆరనియ్. అడాప్టర్ ప్లస్ మైనస్ బోర్డు గుర్తులతో సరిచూసుకో. లోపల రెగ్యులేటర్ నుంచి అయిదు వోల్టులు వస్తున్నాయో లేదో కొలిచాకే ముందుకెళ్లు. మెమరీ చిప్పులు, 6502 ప్రాసెసర్ పోయినా దొరుకుతాయి. యు.ఎల్.ఏ. అనే చిప్పు మాత్రం ఈ మెషీను కోసమే చేసింది, ఇప్పుడు దొరకడం కష్టం, దాన్ని కదపకు. టీవీకి ఎరుపు, పచ్చ, నీలం రంగులని వేర్వేరుగా పంపే ఆర్.జి.బి. కేబులు చేయించుకుంటే బొమ్మ శుభ్రంగా వస్తుంది.

ఇంకొక్కటి, అన్నిటికన్నా ఇదే ముఖ్యం. రికార్డు చేసిన ఫైళ్లలో ప్రోగ్రామ్ శబ్దం ముందుండే భాగాన్ని కట్ చెయ్యకు. టేపులో ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికి వీలుగా మీ నాన్న సేవ్ చేసే ముందు వైరు పీకి, రికార్డర్ మైకులో పేరూ తేదీ చెప్పేవాడు. ప్రతి ప్రోగ్రామ్ ముందూ ఆయన గొంతు ఉంటుంది. ఆకుపచ్చ ఇంకుతో నేను లేబుల్ రాసిన క్యాసెట్ ఒకటుంది చూడు, అది నువ్వు పుట్టిన నెలలో చేసింది. అందులో ఆయన మాట్లాడుతుంటే వెనక నీ ఏడుపు వినిపించేది. దాన్ని ఆఖర్న తియ్, మిగతావాటి మీద చెయ్యి కుదిరాక.

మీ మామయ్య