కోర్టు మీడియేషన్‌కి పంపింది, వెళ్తే లాభముందా?

"రెండేళ్ళుగా విడిగా ఉంటున్నాం, ఫ్యామిలీ కోర్టు మీడియేషన్‌కి వెళ్ళమంది, అక్కడ మళ్ళీ సర్దుకుపొమ్మంటారేమో" అని అడిగారు కదా. వెళ్ళండి. నాకూ ఇదే టెన్షన్ ఉండేది, ఎందుకంటే అప్పటికే అనంతపురంలో పెద్దమనుషులు రెండుసార్లు కూర్చుని, కాపురమన్నాక ఇవన్నీ మామూలే అని కాఫీ తాగి లేచిపోయారు.

ఇక్కడ అలా ఉండదు. బెంగళూరు మీడియేషన్ సెంటర్ 2007 నుంచీ ఉంది, సిద్దయ్య రోడ్డు న్యాయదేగులలో, ఫ్యామిలీ కోర్టున్న బిల్డింగే. కలిసుండమని బలవంతపెట్టరు, తీర్పూ చెప్పరు. అక్కడ అన్న మాటలు కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు కాబట్టి నేను కాస్త నోరు విప్పగలిగాను.

మొదటిరోజు మా బావ రాసిచ్చిన లిస్టు పట్టుకెళ్ళాను: మేం పెట్టిన గొలుసు, నల్లపూసలు, చివరికి వెట్ గ్రైండర్ కూడా. నన్ను విడిగా కూర్చోబెట్టినప్పుడు మీడియేటర్ మేడమ్ అదంతా చదివి, మడిచి పక్కన పెట్టి, "పాప క్లాస్ టీచర్ పేరేంటి?" అన్నారు. నాకు తెలియదు. గ్రైండర్ ఎన్ని లీటర్లదో మాత్రం లిస్టులో ఉంది.

ఆ తర్వాతే అసలు మాటలు నడిచాయి. నాలుగు సిట్టింగులు పట్టింది. ఆదివారాలు పాప నాతో, ఫీజు చెరిసగం, సంక్రాంతి వాళ్ళింట్లో, ఉగాది మా ఇంట్లో. గ్రైండర్ మా ఆవిడే తీసుకుంది, నేను దోసెలు బయట తింటున్నాను.

విడిపోవడం ఇద్దరికీ ఇష్టమైతే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద, అంటే పరస్పర అంగీకారంతో, విడాకులకి వేసుకోవచ్చు. అందులో ఆరు నెలలు ఆగాలంటారు గానీ, మీలా ఏడాదిన్నర దాటి విడిగా ఉండి, భరణం, పిల్లల సంగతి తేల్చుకున్నవాళ్ళకి ఆ గడువు ఎత్తేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, మీ లాయర్ని అడగండి.

పెద్దవాళ్ళని మాత్రం బయట బెంచీ మీదే ఉంచండి. మా అమ్మా అత్తగారూ లోపలికొచ్చిన సిట్టింగు మొత్తం పెళ్ళి భోజనాల దగ్గరే ఆగిపోయింది. జీతం స్లిప్పులు, లోన్ కాగితాలు, స్కూల్ రసీదులు పట్టుకెళ్ళండి. కొట్టడం, బెదిరించడం లాంటివి జరిగుంటే ఎదురెదురుగా కూర్చోలేనని ముందే చెప్పండి, మొహమాటం వద్దు.

ఇంకోటి, ఒప్పందం కాగితం మీద వెంటనే సంతకం పెట్టకుండా ఒక రాత్రి ఇంట్లో పెట్టుకుని చదవండి. మేం దసరా సెలవులు రాయించడం మర్చిపోయాం, అక్టోబర్ వచ్చేసరికి మళ్ళీ లాయర్లకి ఫోన్లు.